చెంబుచుక్క ఎందుకు వణికింది

ఒకప్పుడు ఉప్పుమళ్ళలో పనిచేసేవారు పొద్దు గుంకగానే ఒకరి కాళ్ళమీద ఒకరు మంచినీళ్ళు పోసుకునేవారు. ఇప్పుడు ఆ అలవాటు లేదు.

పగలంతా ఉప్పునీటిలో నిలబడిన కాళ్ళు సాయంత్రానికి తెల్లగా పొరకట్టేవి. మడమలు పగిలి మండేవి. ఎవరి కాళ్ళు వారే కడుక్కోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కడుక్కోవచ్చు. కానీ పగలంతా వంగి పనిచేసిన నడుము సాయంత్రం మళ్ళీ వంగనని మొండికేసేది. అందుకని ఒకరు గట్టుమీద కూర్చునేవారు. ఇంకొకరు నిలబడి చెంబుతో నీళ్ళు పోసేవారు. కూర్చున్నవారు పాదానికి పాదం రాసి ఉప్పు వదిలించుకునేవారు. ఆ తరువాత చెంబు చేతులు మారేది.

ఆ రోజుల్లో ఇంకొక సంగతి కూడా ఇప్పటిలా ఉండేది కాదు. ఆకాశంలో చుక్కలు మిణుకుమనేవి కావు. గోడకు దిగగొట్టిన మేకుల్లా కదలక మెదలక ఉండేవి. ఎవరు ముందు రెప్ప వేస్తారో చూద్దామని పిల్లలు చుక్కలతో పందెం వేసేవారు. ప్రతిసారీ చుక్కలే గెలిచేవి.

అప్పుడు సముద్రపు ఒడ్డున, ఇసుకదిబ్బలకు ఇవతల, గవరయ్య, నూకాలు అనే ముసలి దంపతులకు ఒక ఉప్పుమడి ఉండేది. గవరయ్య సముద్రపు నీటిని కాలువ తీసి మడిలోకి మళ్ళించేవాడు. నీరు ఎండి ఉప్పు తేలాక దానిని చెక్కపారతో గట్టుకు లాగేవాడు. నూకాలు తట్టలతో మోసి కుప్ప పోసేది. నలభై ఏళ్ళుగా ఇద్దరికీ అదే పని. నలభై ఏళ్ళుగా ఇద్దరి చూపూ నేలమీదే.

ఉప్పు పనివారికి ఆకాశంతో పని ఉండదు. నీరు చిక్కబడిందా, అడుగున ఉప్పు పేరుకుంటోందా, గట్టుకు ఎక్కడైనా గండి పడిందా, ఇవన్నీ కిందికి చూసి తెలుసుకోవలసినవే. చివరికి మబ్బు పట్టినా వారు తల ఎత్తేవారు కాదు. మడినీటిలో మబ్బు నీడ చూసి, ‘అమ్మో, వాన’ అనుకునేవారు.

ఎండలో మెరిసే ఉప్పు తెలుపు కళ్ళను కొద్దికొద్దిగా తినేస్తుంది. నూకాలు కళ్ళను అలాగే తినేసింది. ఆమెకు దూరపు వస్తువులన్నీ పాలలో ముంచినట్టు మసకగా ఉండేవి. అయితే కదిలేవాటిని మాత్రం పోల్చుకునేది. సముద్రంలో నిలిచి ఉన్న పడవ ఆమెకు కనిపించేది కాదు. తెరచాప ఊగితే, “అదిగో పడవ” అనేది.

గవరయ్య కళ్ళు బాగానే ఉన్నాయి. ఊపిరి బాగాలేదు. ఆ వేసవిలో నాలుగుసార్లు చెక్కపార లాగితే ఐదోసారికి ఆగి, రొమ్ము పట్టుకుని నిలబడేవాడు. నూకాలు చూడనట్టే తట్ట ఎత్తుకునేది. చూస్తే ఆయన నొచ్చుకుంటాడని ఆమెకు తెలుసు.

ఆ కాలంలో చుక్కలకు ఇంకా అన్నిటికీ పేర్లు లేవు. పెద్ద పెద్దవాటికి పండితులు పేర్లు పెట్టుకున్నారు. మిగిలిన కోటానుకోట్ల చుక్కలూ పేరులేనివే. అందుకని ఎవరైనా సరే, ఒక చుక్కకు పేరు పెట్టి, తమకు ఇష్టమైనవారికి కానుకగా ఇచ్చుకోవచ్చు. పద్ధతి చాలా సులువు. చుక్కను వేలితో చూపాలి. పేరు మూడుసార్లు పలకాలి. పక్కన ఒక సాక్షి ఉండాలి. అంతే, ఆ చుక్క వారిదైపోతుంది. పేరు పెట్టి పిలిస్తే పలకాలి కూడా.

పడవలవారు వేటకు పోయేముందు భార్యలకు చుక్కలు ఇచ్చేవారు. తాతలు మనవరాళ్ళకు ఇచ్చేవారు. రేవులో నీళ్ళకోసం నిలబడినప్పుడు ఆడవాళ్ళందరూ, “మాది ముత్యాలచుక్క,” “మాది ముక్కుపుడక చుక్క,” అని మురిసిపోయేవారు. నూకాలు వింటూ కడవ నింపుకుని వచ్చేసేది. ఆమెకు చుక్క లేదు. పెళ్ళయిన ఏడు గవరయ్య ఇస్తానన్నాడు. తరువాత తల ఎత్తే తీరిక దొరకలేదు.

ఒక సాయంత్రం నూకాలు గట్టుమీద కూర్చుంది. గవరయ్య ఆమె కాళ్ళమీద నీళ్ళు పోస్తున్నాడు. పోస్తూ పోస్తూ ఆగిపోయాడు.

“ఏటి మావా, ధార ఆపేశావు? మడిలో చేప గాని పడిందా?” అంది నూకాలు.

“ఉప్పుమడిలో చేపేటే, పిచ్చిదానా! ఇలా చూడు.”

మడిలో తూర్పుమూల ఒక చిన్న చుక్క తేలుతోంది. గాలికి నీరు కదిలినప్పుడల్లా అది సన్నగా వణుకుతోంది. చలికి ముడుచుకున్న పిట్టపిల్లలా ఉంది. నూకాలు కళ్ళకు అది చక్కగా కనిపించింది. దగ్గరగా ఉంది, పైగా కదులుతోంది.

“అది నీది,” అన్నాడు గవరయ్య.

“నాదా? ఎవరిచ్చారు?”

“నేనేనే. పెళ్ళయిన ఏడు ఇస్తాననలేదూ?”

“ఇప్పుడా గుర్తొచ్చింది? నా పళ్ళన్నీ ఊడిపోయాకా?”

“చుక్కనేమైనా కొరుక్కు తింటావా? చూడ్డానికి పళ్ళెందుకు?”

నూకాలు ముసిముసిగా నవ్వింది. “సరే, ఇయ్యి. మరి సాక్షి ఎవరు?”

“నేను లేనూ?” అంది నీటి అంచున తోక ఆడించుకుంటూ తిరుగుతున్న ఉల్లంకిపిట్ట. “కాస్త తొందరగా కానివ్వండి. పొద్దున్నుంచి ఒక్క పురుగైనా దొరకలేదు నాకు.”

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. వేలు చాచి మడినీటిలోని చుక్కను చూపాడు.

“చెంబుచుక్క. చెంబుచుక్క. చెంబుచుక్క.”

నూకాలు నవ్వు ఆపుకోలేకపోయింది. “చెంబా! ఊళ్ళో అందరి పెళ్ళాలకూ ముత్యాలూ ముక్కుపుడకలూ. నాకు చెంబా మావా?”

“ముత్యం నేనెప్పుడైనా నీ చేతికిచ్చానా? చెంబయితే రోజూ ఇచ్చాను.”

నూకాలు పాదానికి పాదం రాసుకుంది. గవరయ్య మిగిలిన నీళ్ళు ఆమె కాళ్ళమీద పోశాడు. పోస్తూ, నీళ్ళతో చెబుతున్నట్టుగా నెమ్మదిగా అన్నాడు. “నేను లేని నాడు, పొద్దు గుంకే వేళ దీన్ని పిలుచుకో. ఒక్కదాన్నే కాళ్ళు కడుక్కుంటున్నానని దిగులుపడకు.”

“ఊరుకో మావా. కాళ్ళు కడిగేటప్పుడు అలాంటి మాటలేటి?” అంది నూకాలు. చెంబు తీసుకుని ఆయనను కూర్చోబెట్టింది.

అది మొదలు ప్రతి సాయంత్రమూ ఆమె తూర్పుమూలకు చూసి, “చెంబుచుక్కా, ఉన్నావా?” అనేది. నీటిలో చుక్క వణికేది. ఉన్నానన్నట్టే ఉండేది. చుక్కల సంగతి వచ్చినప్పుడు ఆమె ఇప్పుడు రేవులో కూడా రెండు మాటలు ఎక్కువే మాట్లాడేది.

పది రోజులు గడిచాయి. ఎండలు మండిపోయాయి. సముద్రపు గాలి విడవకుండా వీచింది. మడిలో నీరు చిక్కబడింది, తగ్గింది, అంగుళం మిగిలింది, చివరికి అదీ ఆవిరైపోయింది. మడినిండా ఉప్పు తెల్లగా పూసింది. అంత మంచి పంట ఈమధ్య పండలేదు. గవరయ్య ఆగి ఆగి లాగాడు. నూకాలు మోసి మోసి కుప్ప పోసింది.

ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కోవడానికి కూర్చుని ఆమె అలవాటుగా తూర్పుమూలకు చూసింది. అక్కడ నీరు లేదు. తడి ఇసుక ఉంది. చుక్క లేదు.

“ఇదేమిటమ్మా? ఇక్కడ నా చుక్క ఉండాలే?” అని ఆమె మడి అడుగును అడిగింది.

“నాలో ఉన్నది నీరు. నీటిలో ఉన్నది ఏమిటో నేనెరుగను,” అంది మడి.

ఉప్పుకుప్పను అడిగింది. “నాలో మెరుపులున్నాయి. కావలసినన్ని తీసుకో,” అంది ఉప్పు. “అయితే అవి ఎండ ఇచ్చినవి. చుక్క ఇచ్చినవి కావు.”

అప్పుడు నూకాలు ఎన్నడూ చేయని పని చేసింది. తల పైకెత్తింది. నలభై ఏళ్ళుగా వంగిన మెడ కలుక్కుమంది. పైన ఆకాశం మసకగా, తెల్లతెల్లగా ఉంది. చుక్కలు ఉన్నాయో, ఉప్పు చల్లారో తెలియడం లేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

“చెంబుచుక్కా, ఉన్నావా?” అంది మెల్లగా. ఏదీ పలకలేదు.

“నీ చుక్క కనిపించిందే?” అన్నాడు గవరయ్య, ఆయాసపడుతూ వచ్చి పక్కన కూర్చుని.

“ఆ, కనిపించింది,” అంది నూకాలు. ఆమె ఆయనతో అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

“ఏదీ, చూపించు.”

ఆకాశంలో అన్నిటికంటే పెద్దదిగా, తెల్లటి మరకలా ఒకటి మాత్రం ఆమెకు ఆనింది. నూకాలు దానివైపు వేలు చూపింది.

అది బృహస్పతి. దేవతలకు చదువు చెప్పే గురువుగారు. పిల్లలకు కూడా తెలిసిన వెలుగు అది. గవరయ్య ఆమె వేలు చూశాడు. వేలి చివరనున్న బృహస్పతిని చూశాడు. మసకబారిన ఆమె కళ్ళను చూశాడు. తాను ఎక్కడ పొరబడ్డాడో ఆయనకు అర్థమైంది. ఆకాశంలో చూపవలసిన చుక్కను ఆయన మడిలో చూపాడు. మడి ఎండిపోయింది. ఇప్పుడు చూపుదామన్నా ఏ చుక్క నీడ అప్పుడు నీటిలో పడిందో ఆయనకు కూడా గుర్తు పట్టడం కష్టమే. గుర్తు పట్టి చూపినా అది ఈమెకు కనపడదు.

“ఆ, అదే,” అన్నాడు గవరయ్య.

ఆ గొంతు వినగానే నూకాలుకు తెలిసిపోయింది, తాను చూపింది అది కాదని. తన అబద్ధం ఆయనకు తెలిసిందని కూడా తెలిసింది. ఇద్దరూ ఒకరి కాళ్ళమీద ఒకరు నీళ్ళు పోసుకుని ఇంటికి వెళ్ళారు. గవరయ్య ఆ పూట సరిగా గంజి తాగలేదు.

‘ఆయన నలభై ఏళ్ళకు ఒక్క కానుక ఇచ్చాడు. దాన్ని నేను పోగొట్టుకున్నానన్న దిగులుతో ఆయన పోకూడదు,’ అనుకుంది నూకాలు. దక్షిణాన అప్పటికే నల్లమబ్బులు లేస్తున్నాయి. తొలకరి రెండు మూడు రోజుల్లో వచ్చేటట్టుంది. వాన మొదలైతే ఆకాశం మూసుకుపోతుంది. గవరయ్య ఊపిరి ఆ వానలు దాటదని ఇద్దరికీ తెలుసు.

మరునాడు ఆమె ఉల్లంకిపిట్టను వెతుక్కుంటూ వెళ్ళింది.

“సాక్షివి కదమ్మా నువ్వు. ఆ రోజు మా ఆయన పేరు పెట్టిన చుక్క ఏదో కాస్త చూపించు.”

ఉల్లంకిపిట్ట తోక రెండుసార్లు ఆడించింది. తరువాత సిగ్గుపడి ఆపేసింది. “నేనూ నీళ్ళలోనే చూశానమ్మా. నా తిండి కింద ఉంటుంది, నా చూపూ కిందే ఉంటుంది. పైకి చూసి నాకేం దొరుకుతుంది?”

“సాక్షిగా ఉంటానని ఎగిరి గంతేశావు కదే!”

“సాక్షి ఎవరని అడిగారు కదా అని వచ్చాను,” అంది పిట్ట. అయినా నూకాలు ముఖం చూసి దానికి జాలి వేసింది. “ఒక పని చేయి. పొద్దు గుంకాక చుక్కలు సముద్రంలోంచి లేచేటప్పుడు కాస్సేపు కిందికి ఉంటాయి. మనుషుల మాట వినపడేంత కిందికి. అప్పుడు ఒడ్డుకు వెళ్ళి పేరు పెట్టి పిలువు. పేరున్న చుక్క పలకాలి. అది కట్టుబాటు.”

ఆ సాయంత్రం గవరయ్య కునుకు తీస్తున్నాడు. నూకాలు ఆయన తలకింద దిండు సర్ది, ఇసుకదిబ్బ దాటి ఒడ్డుకు వెళ్ళింది. పొద్దు గుంకింది. సముద్రపు అంచున చుక్కలు ఒక్కొక్కటే లేచి నిలుచున్నాయి. కదలకుండా, పలకకుండా.

“చెంబుచుక్కా!” అని పిలిచింది నూకాలు.

“ఎవరది, సంధ్యవేళ కేకలు?” అన్నాడు బృహస్పతి. “చెంబులూ తపేలాలూ ఇక్కడ లేవు. అవతలికి వెళ్ళు.”

“అయ్యా, మా ఆయన నాకొక చుక్కను ఇచ్చాడు. అది కనపడటం లేదు.”

“ఎటు చూపించి ఇచ్చాడు?”

నూకాలు తల దించుకుంది. “మడిలోకి.”

“వేలు కిందికి చూపితే చుక్క నీది ఎలా అవుతుంది? చెల్లదు!” అన్నాడు గురువుగారు. పక్కనున్న పెద్ద వెలుగులు, అంటే ఆయన తోటి గ్రహాలు కూడా, “చెల్లదు, చెల్లదు,” అన్నాయి.

నూకాలు తడి ఇసుకలో అలాగే కూలబడింది. అప్పుడు సముద్రానికి కాస్త పైన ఒక సన్నని గొంతు వినిపించింది.

“అవ్వా, నువ్వు పిలుస్తున్నది నన్నేనేమో.”

“ఎవరు నువ్వు? నాకేమీ కనపడటం లేదు.”

“నాకు పేరు లేదు. కాదు, లేదనుకున్నాను. పది రోజులకిందట ఎక్కడో ఒక మడిలో నా నీడవైపు ఒక ముసలి వేలు వచ్చింది. ఏదో మూడుసార్లు అన్నారు. నన్ను కాదేమో అనుకున్నాను. నన్ను ఎవరూ ఎప్పుడూ పిలవలేదు. అందుకని పలకడం ఎలాగో కూడా నాకు తెలియలేదు.”

“నీడ నీదైతే పేరూ నీదే కదమ్మా,” అంది నూకాలు.

“నాదే,” అంది చుక్క. “చెంబుచుక్క. బాగుంది. నాకు నచ్చింది.”

నూకాలు తలెత్తి ఎంతో సేపు చూసింది. ఆ గొంతు వచ్చినవైపు అంతా తెల్లటి మసకే. ఆమె కళ్ళు తుడుచుకుంది. “నువ్వున్నావని తెలిసింది, చాలు అనుకుందామంటే కాదమ్మా. మా ఆయన ‘చూపించు’ అంటాడు. నా కళ్ళకు కదిలేదైతేనే ఆనుతుంది. నీళ్ళలో నువ్వు వణికేదానివి. ఇక్కడ వణకవేం?”

“వణికింది నేను కాదు అవ్వా, నీళ్ళు. నేను ఎప్పుడూ ఇలాగే ఉన్నాను.”

“కాస్త కదలవూ, నాకోసం?”

చుక్క బెంగగా అంది. “కదిలితే నా చోటు తప్పుతుంది. నన్ను చూసుకుని పడవలు ఒడ్డుకు వస్తాయి. ఆ పడవల్లోనూ ఎవరో ఒకరి మావలు ఉంటారు కదా?”

నూకాలు తల ఊపింది. నిజమే మరి. తన కోసం ఇంకొకరిని దారి తప్పించమని ఎలా అడుగుతుంది?

ఇదంతా వింటూ సముద్రపు గాలి అక్కడే ఇసుకలో పొర్లుతోంది. అది లేచి నూకాలు దగ్గరకు వచ్చింది. తప్పుచేసిన పిల్లవాడిలా కొంగు పట్టుకుని లాగింది.

“అవ్వా, నీ మడి ఆరబెట్టింది నేనే. నీ చుక్కను తుడిచేసింది నేనే. ఉప్పు త్వరగా పండాలని నువ్వు అడుగుతావు కదా అని వీచాను. అందులో చుక్క ఉందని నాకు తెలియదు.”

“నీ తప్పేముందయ్యా? అది నీ పని.”

“ఇంకొక పని కూడా నాకు తెలుసు,” అంది గాలి. “నీళ్ళను వణికించింది ఎవరనుకున్నావు? ఈ చుక్క తన చోటు వదలనక్కరలేదు. నేను వెళ్ళి దానికీ నీకూ నడుమ నిలబడతాను. నీళ్ళకు చేసినట్టే దాని వెలుగుకు చేస్తాను. చుక్క అక్కడే ఉంటుంది. వెలుగు వణుకుతుంది. పడవలకు దారీ తప్పదు, నీకు చుక్కా తప్పదు.”

“మర్యాదగలవాళ్ళు వణకరు!” అని పైనుంచి కసిరాడు బృహస్పతి. “ఈ గాలి నా వెలుగు జోలికి వచ్చిందంటే ఊరుకోను.”

“నీ జోలికి ఎవరొస్తారు స్వామీ? నిన్నెవరూ చెంబని పిలవలేదు,” అంది గాలి.

అప్పుడు చెంబుచుక్క అడిగింది. “అవ్వా, రోజూ పిలుస్తావా?”

“కళ్ళు పూర్తిగా పోయినా పిలుస్తాను.”

“అయితే సరే,” అంది చుక్క. “రేపు సాయంత్రం, మీ మడి గట్టుకు ఎదురుగా చూడు.”

మరునాడు మబ్బులు దగ్గరకు వచ్చేశాయి. తూర్పున మాత్రం ఆకాశం ఇంకా తెరిచి ఉంది. వాన పడేలోగా ఉప్పుకుప్పను తాటాకులతో కప్పాలి, లేకపోతే ఏడాది కష్టమంతా కరిగి సముద్రంలోకే పోతుంది. గవరయ్య లేచి వస్తానన్నాడు. నూకాలు వద్దనలేదు. ఆయన కూర్చున్నచోటినుంచే తాటాకులు ఒక్కొక్కటిగా అందించాడు. ఆమె ఒకదానిమీద ఒకటి కప్పి, గాలికి లేవకుండా అంచులకు మట్టిగడ్డలు పెట్టింది. చివరి ఆకు అందించేసరికి పొద్దు గుంకింది.

ఇద్దరూ గట్టుమీద కూర్చున్నారు. గవరయ్య చుక్క సంగతి ఎత్తలేదు. ఆమె మళ్ళీ అబద్ధం చెప్పవలసి వస్తుందని ఎత్తలేదు.

నూకాలే వేలు చాచింది. ఈసారి వెతుక్కోలేదు, తడుముకోలేదు.

“అదిగో మావా. చెంబుచుక్క.”

తూర్పున, మడిమూలకు నేరుగా పైన, ఒక చిన్న చుక్క సన్నగా వణుకుతోంది. కదలని ఆకాశమంతటిలోనూ అదొక్కటే. నీటిలో ఉన్నప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే.

గవరయ్య చాలాసేపు చూశాడు. తరువాత నూకాలు వైపు తిరిగి, ఆమె కళ్ళు ఆ చుక్కమీదే నిలిచి ఉండటం చూశాడు. ఆమెకు నిజంగానే కనిపిస్తోంది.

“దానికి ఆ వణుకు నేర్పింది ఎవరే?”

“గాలి.”

“చలేస్తోందేమో పాపం.”

“నీ బుర్ర! నన్ను పలకరిస్తోంది.”

గవరయ్య నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వాడు. “అయితే ఇంక నాకేం బాధ లేదే,” అన్నాడు.

పైన మిగిలిన చుక్కలన్నీ ఇదంతా చూశాయి. ‘మనకూ కింద ఎవరో ఒకరు ఉంటారు. మన కోసం వెతుక్కుంటూ, పోల్చుకోలేక కూర్చుని ఉంటారు,’ అనుకున్నాయి. ఒక్కొక్కటే గాలిని పిలిచాయి. గాలి కాదనలేదు. బృహస్పతీ, ఆయన పక్కనున్న పెద్ద వెలుగులూ మాత్రం పిలవలేదు.

అప్పటినుంచే చుక్కలు మిణుకుమిణుకుమంటున్నాయి. సముద్రపు అంచున, మనిషి మాట వినపడేంత కిందికి ఉన్నవి మరీ ఎక్కువగా వణుకుతాయి. బృహస్పతీ, ఆయన తోటివారూ ఈనాటికీ వణకరు. కావాలంటే ఒక సాయంత్రం బయటికి వచ్చి చూడండి.

తొలకరి మూడోనాడు వచ్చింది. వానలు వెలిసి ఆకాశం తెరుచుకునేసరికి నూకాలు గట్టుమీద ఒక్కతే కూర్చుంది. ఆమె పిలిచింది. చుక్క పలికింది.

కానీ చుక్క మొదటిసారి వణికిన ఆ సాయంత్రం గవరయ్య ఇంకా ఆమె పక్కనే ఉన్నాడు. నూకాలు లేచి ఆయన కాళ్ళమీద నీళ్ళు పోసింది. మడమల పగుళ్ళలో ఉప్పు కరిగేదాకా పోసింది. ఆ తరువాత, “ఇలా ఇయ్యి, నీ వంతు,” అన్నాడు ఆయన. నిలబడే ఓపిక లేదు. కూర్చునే చెంబు ఎత్తబోయాడు. చెయ్యి వణికింది. నూకాలు చెంబు అడుగున తన చెయ్యి ఆనించింది. ఇద్దరూ కలిసి వంచారు. నీళ్ళు ఆమె కాళ్ళమీద పడ్డాయి. ముందు కుడికాలిమీద, తరువాత ఎడమకాలిమీద.

“చాలా?” అన్నాడు గవరయ్య.

“ఇంకా కొంచెం పొయ్యి,” అంది నూకాలు.